పిల్లల ఓపీలో పెన్ను కదలడం లేదు, ఏం చేయాలి?

గోదారి_పిల్ల

హౌస్ సర్జన్‌ని. మాది తణుకు దగ్గర పల్లె, చదివిందీ ఇప్పుడు పనిచేస్తున్నదీ హైదరాబాద్‌లో. ఆస్పత్రి పేరు రాయను. మెడిసిన్, సర్జరీ పోస్టింగులు బాగానే గడిచాయి. పిల్లల ఓపీలో వేసి వారం అయింది, ఇంకా రెండు వారాలు ఉంది. పొద్దున్నే బస్సెక్కి కూర్చోగానే కడుపులో తిప్పుతోంది.

జరిగింది చెప్తాను. పోయిన గురువారం ఏడు నెలల బాబు వచ్చాడు. బరువు 6.8 కిలోలు, రెండు రోజులుగా జ్వరం. పారాసెటమాల్ కిలోకి 15 ఎంజీ చొప్పున 102 ఎంజీ అని లెక్క వేశాను. 5 ఎంఎల్‌కి 120 ఎంజీ ఉండే సిరప్ మనసులో పెట్టుకుని 4 ఎంఎల్ అని రాశాను. మందు పేరు దగ్గర మాత్రం డ్రాప్స్ అని రాశాను. ఆ డ్రాప్స్‌లో ఒక్క ఎంఎల్‌కే 100 ఎంజీ ఉంటుంది. అంటే ఇవ్వాల్సిన దానికి దాదాపు నాలుగు రెట్లు.

పీజీ మేడం (పిల్లల వైద్యంలో పై చదువు చదువుతున్న సీనియర్ డాక్టర్) చీటీ చూసి పట్టుకున్నారు. బాబుకి ఏమీ కాలేదు. కానీ లైనులో ఉన్న ఇరవై మంది ముందు "పిల్లల్ని చంపుతావా నువ్వు" అని గట్టిగా అరిచారు. ఆ తల్లి బాబుని గుండెకి అదుముకుని నన్ను చూసిన చూపు ఇంకా కళ్ల ముందే ఉంది.

తప్పు నాదే, కాదనను. కానీ అప్పటినుంచి పెన్ను కదలడం లేదు. ఓఆర్ఎస్ ప్యాకెట్ రాయాలన్నా పక్కవాళ్లని అడుగుతున్నాను. బిడ్డ ఏడుపు మొదలుపెడితే ఏమీ వినకుండానే స్టెతస్కోప్ తీసేస్తున్నాను. పెద్దవాళ్లయితే ఎక్కడ నొప్పో చెబుతారు. వీళ్లు ఏడుస్తారు, అంతే. మీలో ఎవరికైనా ఇలా అయిందా? ఎలా బయటపడ్డారు?

ఓపీ_చీటీ

నాకు పోయిన ఏడాది ఇదే. మొదటి వారం ఓపీ అయిపోగానే వెనక మెట్ల మీద కూర్చుని ఏడ్చేదాన్ని. రెండో వారానికి తగ్గింది. ఎలా తగ్గిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను, కానీ తగ్గింది. ఒంటరిగా లేవు.

నల్లకుంట_నాని

బాబుకి ఏమీ కాలేదు కదా, అది చాలు ముందు.

పిల్లల_డాక్టర్_కూకట్‌పల్లి

అమ్మా, 26 ఏళ్లుగా పిల్లల్నే చూస్తున్నాను. నువ్వు అడిగినదాంట్లో రెండు విషయాలున్నాయి. ఒకటి డోసు, దాని సంగతి మందుల షాపు వాళ్లెవరైనా నాకంటే బాగా చెబుతారు. రెండోది, "వీళ్లు ఏడుస్తారు, అంతే" అన్నావు చూడు, దాని గురించి నేను చెబుతాను.

బిడ్డను ముట్టుకోకముందే సగం పరీక్ష అయిపోవాలి. తల్లి గుమ్మం దాటి వచ్చి కుర్చీలో కూర్చోడానికి పది పదిహేను సెకన్లు పడుతుంది. ఆ సేపు చీటీ వైపు చూడకు, బిడ్డను చూడు. చుట్టూ చూస్తున్నాడా, మెడ వాల్చేశాడా? ఊపిరికి కష్టపడుతున్నాడా? ఒంటి రంగు ఎలా ఉంది, పాలిపోయాడా, పెదాలు నీలంగా ఉన్నాయా? ఈ మూడూ బాగుంటే నీకు టైముంది, నిదానంగా చూసుకో. ఒక్కటి బాగాలేకపోయినా పేరూ ఊరూ తర్వాత, ముందు పెద్దవాళ్లని పిలువు. గట్టిగా ఏడుస్తున్న బిడ్డను చూసి భయపడకు. ఏడవాల్సిన చోట ఏడవకుండా పడుకుని ఉన్న బిడ్డను చూసి భయపడాలి.

బల్ల మీద పడుకోబెట్టకు, అమ్మ ఒళ్లోనే ఉంచి చూడు. అన్నిటికంటే ముందు ఊపిరి లెక్క. చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ, పూర్తిగా నిమిషం. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేసే పని పెట్టుకోకు, పసిపిల్లల ఊపిరి ఒకే తీరున ఉండదు. రెండు నెలల లోపు 60, అక్కడి నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40. అంత ఉన్నా, అంతకు మించినా వేగం ఎక్కువన్నట్టే. తర్వాత గుండె, ఊపిరితిత్తులు. తర్వాత పొట్ట. చెవులు, గొంతు చిట్టచివర, ఎందుకంటే అక్కడ ఎలాగూ ఏడుస్తారు. స్టెతస్కోప్ బిళ్లని అరచేతిలో రుద్ది వెచ్చబెట్టు. ముందు అమ్మ చేతి మీద పెట్టి చూపించు, తర్వాత బిడ్డ మీద. ఏడుస్తున్నా వినొచ్చు. ఏడుపుకీ ఏడుపుకీ మధ్య పెద్ద ఊపిరి పీలుస్తాడు, ఆ పీల్పులో విను. నీకు కావలసినంత లోతు ఊపిరి అక్కడే దొరుకుతుంది.

ఇంకో మాట. ఏడు నెలలకి 6.8 కిలోలు అన్నావు. పుట్టినప్పుడు ఎంతో అడిగావా? ఐదు నెలలకి పుట్టిన బరువుకి రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు అవుతారు మామూలుగా. రెండున్నర కిలోలతో పుట్టిన బిడ్డ అయితే 6.8 చూసి సంతోషించాలి. మూడున్నరతో పుట్టి అక్కడే ఆగిపోయి ఉంటే జ్వరం కంటే అదే పెద్ద ప్రశ్న.

మందుల_షాపు_మల్లన్న

బోడుప్పల్‌లో 18 ఏళ్లుగా మెడికల్ షాపు. బిడ్డా, ఈ తప్పు నువ్వొక్కదానివే చేయలేదు. అనుభవం ఉన్నవాళ్ల చీటీల్లోనూ చూశాను.

ఒకే కంపెనీ, ఒకే పేరు, బలాలు మాత్రం మూడు. డ్రాప్స్ ఎంఎల్‌కి 100 ఎంజీ. సిరప్ 5 ఎంఎల్‌కి 120. ఇంకో సిరప్ 5 ఎంఎల్‌కి 250. నీ 102 ఎంజీ లెక్కే తీసుకో. డ్రాప్స్ అయితే 1 ఎంఎల్, 120 సిరప్ అయితే 4 ఎంఎల్ పైన కొంచెం, 250 సిరప్ అయితే 2 ఎంఎల్. మూడూ ఒకటే డోసు. అందుకని చీటీ మీద ఉట్టి ఎంఎల్ రాసి వదలొద్దు. మందు బలం, ఎన్ని ఎంజీలు, పక్కన ఎన్ని ఎంఎల్‌లు, మూడూ రాయి. పిల్ల బరువు కూడా పైన రాస్తే ఇంకా మంచిది. అప్పుడు నీ కన్ను తప్పినా నా కన్ను పడుతుంది.

అర ఎంఎల్ అయితే ముందు సున్నా పెట్టి 0.5 అని రాయి. సున్నా లేకుండా చుక్క పెడితే ఆ చుక్క కనపడదు, ఐదు అని చదువుతాం. ఒకటి అయితే 1 అనే రాయి, 1.0 వద్దు, అది పది అవుతుంది. ఇంటి చెంచాతో పోయొద్దని తల్లికి చెప్పు, ఒక్కో ఇంట్లో చెంచా ఒక్కో సైజు. డబ్బాలో వచ్చిన మూతో, డ్రాపరో, సిరంజో వాడమను.

ఇద్దరు_బుడతల_అమ్మ

నేను డాక్టర్ని కాదు, తల్లిగా రాస్తున్నాను. మా చిన్నదానికి పది నెలలప్పుడు మోషన్స్ పట్టుకుని గవర్నమెంట్ ఆస్పత్రికి తీసుకెళ్లాం. నీలాంటి చిన్నమ్మాయే చూసింది. అన్నీ చూసి, "అమ్మా, జింక్ ఎన్ని రోజులో నాకు ఒకసారి మేడంని అడిగి నిర్ధారించుకోవాలి, రెండు నిమిషాలు కూర్చోండి" అని వెళ్లింది. వచ్చి, పద్నాలుగు రోజులు, మోషన్స్ ఆగినా ఆపొద్దు అని చెప్పింది. ఓఆర్ఎస్ ఎలా కలపాలో చూపించి నాతో తిరిగి చెప్పించుకుంది, లీటరు నీళ్లకి ఒక ప్యాకెట్ మొత్తం అని.

నాకు ఆ అమ్మాయి మీద నమ్మకం పెరిగింది తప్ప తగ్గలేదు. తెలియకపోయినా తెలిసినట్టు గబగబా రాసిచ్చేవాళ్లంటేనే మాకు భయం. అడగడానికి సిగ్గుపడకు తల్లీ.

పాత_బ్యాచ్_98

అందరూ బుజ్జగిస్తున్నారు కాబట్టి నేను వేరే మాట చెప్తాను, ఏమీ అనుకోవద్దు. నాలుగు రెట్ల డోసు చిన్న తప్పు కాదు. ఆ చీటీ పట్టుకుని తల్లి ఇంటికెళ్లి రోజుకి నాలుగుసార్లు పోస్తే కాలేయం మీద పడుతుంది. ఆ పీజీ అరిచింది కాబట్టే ఈ అమ్మాయి జన్మలో డ్రాప్స్‌కీ సిరప్‌కీ తేడా మర్చిపోదు. మా రోజుల్లో కేస్ షీట్లు మొహం మీద విసిరేవాళ్లు. అలా పడే నేర్చుకున్నాం.

ఓపీ_చీటీ

సార్, నేర్చుకున్నది ఆ తిట్ల వల్లో, తిట్లు పడుతూ కూడానో?

వార్డు_సిస్టరక్క

పాత బ్యాచ్ సార్‌తో నేను ఒప్పుకోను. 22 ఏళ్లు పిల్లల వార్డులో చేశాను. ఎంతమంది హౌస్ సర్జన్లు వచ్చి వెళ్లారో లెక్కలేదు.

తప్పు దిద్దాలి, అదీ అప్పటికప్పుడే దిద్దాలి. అందులో రెండో మాట లేదు. కానీ తల్లిదండ్రుల ముందు అరిస్తే ఏమవుతుందో నేను చూశాను. ఒక సెప్టెంబర్‌లో డెంగీ కేసులతో వార్డు నిండిపోయింది, మంచానికి ఇద్దరు పిల్లలు. ఆరేళ్ల బాబు, జ్వరం వచ్చి ఐదో రోజు. పొద్దున్నే జ్వరం దిగింది. వాళ్ల నాన్న సంతోషంగా ఇంటికి పంపేయమని అడుగుతున్నాడు. అక్కడున్న హౌస్ సర్జన్ కుర్రాడు బాబు చేతులు పట్టుకుని చూసి అలాగే నిలబడిపోయాడు. ఏంటి బాబూ అంటే, "చేతులు చల్లగా ఉన్నాయి సిస్టర్, కడుపు నొప్పి అంటున్నాడు, కానీ నిన్న అనవసరంగా పిలిచావని సార్ తిట్టారు" అన్నాడు. నేను బీపీ చూస్తే 90/72. పైదానికీ కిందిదానికీ తేడా 18 మాత్రమే, ప్రమాదకరంగా తక్కువ. డెంగీలో జ్వరం దిగేటప్పుడే అసలు ప్రమాదం అని మీ అందరికీ తెలుసు. పరిగెత్తాం. ఫ్లూయిడ్స్ పెట్టారు, నాలుగు రోజులకి బాబు నవ్వుతూ ఇంటికెళ్లాడు.

ఆ కుర్రాడికి విషయం తెలియక కాదు. చేతులు పట్టుకోగానే తెలిసింది. నోరు రాలేదు, అంతే. ఆ నోరు ఎవరు కట్టేశారు?

పాత_బ్యాచ్_98

సిస్టర్ గారూ, మీరు చెప్పిన కేసు చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఒక మాట ఒప్పుకుంటాను. పక్కకు పిలిచి చెప్పి ఉండాల్సింది. కానీ గట్టిగా చెప్పడమే తప్పు అంటే మాత్రం నేను ఒప్పుకోను.

వార్డు_సిస్టరక్క

గట్టిగా చెప్పొద్దని నేనూ అనలేదు సార్. పక్కకు పిలిచి గట్టిగా చెప్పండి.

చార్మినార్_చాయ్

మీ ఇద్దరికీ మధ్యలో రెండు ఇరానీ చాయ్, ఒక ఉస్మానియా బిస్కెట్ ప్లేట్ పెడుతున్నా.

గోదారి_పిల్ల

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. అన్నీ రెండేసిసార్లు చదివాను. కూకట్‌పల్లి సార్, పుట్టిన బరువు అడగలేదు. అడగాలని కూడా తట్టలేదు. మల్లన్న గారు చెప్పిన మూడు బలాలూ చిన్న అట్టముక్క మీద రాసి కోటు జేబులో పెట్టుకున్నాను.

ఇంకో ఇబ్బంది ఉంది, నిన్న సిగ్గేసి రాయలేదు. నాకు సగం మంది తల్లుల మాట అర్థం కావడం లేదు. నిన్న ఒకావిడ "మొన్నటి సంది జెరం, తాపతాపకు కక్కుతున్నడు, పాలు తాగుతలేడు" అంది. పక్కనున్న ఫ్రెండ్ వివరిస్తే తెలిసింది, తాపతాపకు అంటే మాటిమాటికీ అని. ఇంకొకామె ఉర్దూలో "పర్సోం సే" అంది, నేను రెండు రోజులుగా అని రాసుకున్నాను. మేడం మళ్లీ అడిగితే పది రోజులట!

చార్మినార్_చాయ్

పాతబస్తీ వాణ్ని, ఇది నా సబ్జెక్టు. మా దక్కనీలో "పర్సోం" అంటే సరిగ్గా మొన్న అని కాదు. మొన్న కావచ్చు, పోయిన వారం కావచ్చు, ఇంకా ముందూ కావచ్చు. ఎప్పుడూ దాన్ని నమ్మి రోజులు రాయకండి. "ఏ రోజు మొదలైంది, జుమ్మాకి ముందా, తర్వాతా" అని అడగండి, వెంటనే చెబుతారు. బుఖార్ జ్వరం, దస్త్ మోషన్స్, ఉల్టీ వాంతి. "దూద్ నై పీరా" అంటే పాలు తాగడం లేదు. ఆ మాట వినపడితే మిగతావన్నీ పక్కన పెట్టండి. ఈ నాలుగైదు మాటలు మీ నోట వస్తే చాలు, మా వాళ్లు మిమ్మల్ని ఇంటి పిల్లలా చూస్తారు.

మా అమ్మమ్మ నీలోఫర్ ఆస్పత్రి గురించి ఎప్పుడూ చెప్పేది. ఏడో నిజాం రెండో కొడుకు భార్య యువరాణి నీలోఫర్. ఆమె దగ్గర పనిచేసే అమ్మాయి కాన్పులో చనిపోయిందట, ఆ బాధతోనే తల్లులకీ పిల్లలకీ ఆస్పత్రి కట్టించాలని పట్టుబట్టిందట. 1953లో మొదలైంది. ఇప్పటికీ ఏ జిల్లా నుంచైనా పిల్లల్ని ఎత్తుకుని ఆ ఆస్పత్రి ఉన్న రెడ్‌హిల్స్‌కే వస్తారు. తనకి పిల్లలు లేని మనిషి పేరు మీద ఎన్ని లక్షల మంది పిల్లలు బతికారో.

పాలమూరు_పీజీ

పీడియాట్రిక్స్ పీజీ రెండో ఏడాది. చెల్లె, మా తెలంగాణ మాటలు కొన్ని నా నుంచి. సర్ది అంటే జలుబు. దమ్ము, ఎగపోత అంటే ఆయాసం. నిమ్ము చేసింది అంటే ఛాతీలో కఫం పట్టిందని, ఒక్కోసారి న్యుమోనియానే. "డొక్కలు ఎగరేస్తున్నడు" అని ఏ తల్లి అయినా, ఏ అవ్వ అయినా అంటే ఇంకో ప్రశ్న అడగకుండా ముందు చొక్కా లేపి చూడు. ఛాతీ కింది భాగం లోపలికి గుంజుకుపోవడాన్ని మన పుస్తకంలో పేరాలు పేరాలు రాస్తారు, వాళ్లు రెండు మాటల్లో చెప్తారు.

ఇంకోటి, పీజీగా రాస్తున్న. మీ మేడం చేసింది సరైందని అనను. కానీ ముప్పై గంటల డ్యూటీ చివర్లో ఒక్కో చీటీ చూసేటప్పుడు ఎంత భయంగా ఉంటుందో నాకు తెలుసు. ఆ చీటీ తప్పిపోయుంటే రాత్రికి ఆ బిడ్డను క్యాజువాలిటీలో అందుకునేది మేమే. ఒకసారి ఆమెతో మాట్లాడి చూడు. ఓపీ మధ్యలో కాదు, అయిపోయినంక.

నల్లకుంట_నాని

డోసులు ఫోన్‌లో చూసుకోవచ్చు కదా, అంత టెన్షన్ ఎందుకు?

ఓపీ_చీటీ

మా యూనిట్‌లో ఫోన్ తీస్తే ఊరుకోరు. పేషెంట్ల ముందు ఫోన్ చూస్తే నమ్మకం పోతుందంటారు.

ఇద్దరు_బుడతల_అమ్మ

నాకైతే పోదు. "డోసు ఒకసారి చూసి రాస్తాను" అని చెప్పి చూస్తే చాలు. చెప్పకుండా చూస్తే మాత్రం ఏదో మెసేజ్ చూసుకుంటున్నారనే అనిపిస్తుంది.

పిల్లల_డాక్టర్_కూకట్‌పల్లి

నా బల్ల మీద డోసుల పుస్తకం 26 ఏళ్లుగా ఉంది. అట్ట ఊడిపోతే రెండుసార్లు మార్చాను. తల్లిదండ్రుల ముందే తెరిచి చూస్తాను. పారాసెటమాల్ కంఠతా వచ్చినా ఫిట్స్ మందులకీ, రోజూ రాయని యాంటీబయాటిక్స్‌కీ తప్పకుండా చూస్తాను.

గోదారి_పిల్ల

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను.

సోమవారం తొమ్మిది నెలల పాప. వాళ్ల అవ్వ ఎత్తుకొచ్చింది. చీటీ మీద దగ్గు, సర్ది అని ఉంది. పాప ఏడవడం లేదు, అవ్వ భుజం మీద తల పెట్టుకుని ఉంది. గుమ్మంలోనే చూశాను. చొక్కా లేపి నిమిషం లెక్కపెట్టాను, 58. ఛాతీ కింద లోపలికి పోతోంది. నా లెక్క మీద నాకే నమ్మకం లేక ఇంకో నిమిషం లెక్కపెట్టాను, 56. లేచి వెళ్లి మేడంతో "తొమ్మిది నెలల పాప, ఊపిరి 56, ఛాతీ లోపలికి పోతోంది, ఒకసారి చూడండి" అన్నాను. గొంతు వణికింది కానీ మాట ఆగలేదు. మేడం చూసి వెంటనే ఆక్సిజన్ పెట్టించి అడ్మిట్ చేశారు. నాతో ఏమీ అనలేదు. సాయంత్రం వార్డుకి వెళ్లి చూశాను, పాప పాలు తాగుతోంది.

మంగళవారం మాత్రం పొరపాటు పడ్డాను. పద్నాలుగు నెలల బాబుకి 48 అని పరిగెత్తుకెళ్లాను. మేడం వచ్చి, బాబు ఏడుపు ఆగేదాకా కూర్చుని, తనే మళ్లీ లెక్కపెట్టారు. 34. మామూలు జలుబే. తిడతారనుకున్నాను. "ఏడుపులో లెక్క లెక్క కాదు, పాలు పట్టించి లెక్కపెట్టు" అన్నారు. అంతే.

పాలమూరు_పీజీ

రెండో రోజు పరిగెత్తడం కూడా సరైందే చెల్లె. అవసరం లేకుండా పది సార్లు పిలిచినా పర్వాలేదు, పిలవాల్సిన ఒక్కసారి పిలవకపోతేనే కష్టం.

పిల్లల_డాక్టర్_కూకట్‌పల్లి

జ్వరం బాగా ఉన్నప్పుడు కూడా ఊపిరి వేగం పెరుగుతుంది. జ్వరం తగ్గాక ఇంకోసారి లెక్కపెట్టు. అయితే ఛాతీ లోపలికి పోతుంటే మాత్రం దేనికోసమూ ఆగకు. 58 వచ్చాక మళ్లీ లెక్కపెట్టావు చూడు, నాకు అది బాగా నచ్చింది.

తొలిచూలు_నాన్న

మధ్యలో వస్తున్నాను, క్షమించండి. మా పాపకి రెండు నెలలు. మా అమ్మ వస కొమ్ము అరగదీసి నాకించాలంటోంది, స్నానం అయ్యాక సాంబ్రాణి పొగ వేస్తోంది. డాక్టర్ దగ్గరికి వెళ్తే మా అమ్మ ముందే కసిరారు. ఇప్పుడు అమ్మ ఆస్పత్రికి రానంటోంది. ఎవరి మాట వినాలి?

వార్డు_సిస్టరక్క

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఏమీ వద్దు బాబూ. నీళ్లు కూడా వద్దు. వస, తేనె, గ్రైప్ వాటర్, ఏదీ. పొగ పసి ఊపిరితిత్తులకి మంచిది కాదు, పిల్లికూతలున్న పిల్లలకి మరీ. కానీ మీ అమ్మని కసరడం తప్పు. నేనైతే, "అమ్మా, మీరు ఇంతమందిని పెంచారు, ఈ పాపకి రోజూ నూనె రాసి స్నానం మీరే చేయించండి, పొగ మాత్రం వేరే గదిలో దేవుడి దగ్గర వేసుకుందాం" అంటాను. పనిలేకుండా చేస్తే ఏ పెద్దావిడా ఒప్పుకోదు. పని మార్చి ఇస్తే ఒప్పుకుంటుంది.

ఇద్దరు_బుడతల_అమ్మ

సిస్టరక్కా, ఈ మాట పదేళ్ల క్రితం మా ఇంట్లో ఎవరైనా చెప్పుంటే ఎన్ని గొడవలు తప్పేవో!

తొలిచూలు_నాన్న

చాలా థాంక్స్ అండి. వచ్చే వారం పదో వారం టీకాలకి అమ్మనే తీసుకెళ్తాను.

మందుల_షాపు_మల్లన్న

మంచిది. ఆ రోజు నోట్లో వేసే చుక్కల్లో పోలియోతో పాటు రోటావైరస్ టీకా కూడా ఉంటుంది. అలాంటి టీకా ఒకటి మన హైదరాబాద్ దగ్గరి జీనోమ్ వ్యాలీలోనే తయారవుతుందని మీ అమ్మగారికి చెప్పండి, ఇష్టంగా వింటుంది.

గోదారి_పిల్ల

ఈ రోజు ఆఖరి ఓపీ. కొంచెం పెద్దగా రాస్తాను.

పాలమూరు అన్న చెప్పినట్టు పోయిన శుక్రవారం ఓపీ అయ్యాక మేడం దగ్గరికి వెళ్లాను. "ఆ రోజు తప్పు నాదే, కానీ అందరి ముందు అరిచాక నాకు చేయి ఆడటం లేదు" అని చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, మొదటి ఏడాది తను కూడా ఇలాగే ఒక చుక్క తప్పు పెట్టారని, సిస్టర్ పట్టుకున్నారని చెప్పారు. అరవకుండా ఉండాల్సింది అన్నారు. ఆ రోజు నుంచి నేను రాసిన ప్రతి చీటీ నన్నే పైకి చదవమంటున్నారు: బరువు, బలం, ఎంజీ, ఎంఎల్. రోజుకి నలభై యాభై చీటీలు. మొదట్లో నాలుక తడబడేది. ఇప్పుడు రాసేటప్పుడే చదివినట్టు వినపడుతోంది.

ఇక ఈ రోజు. పదకొండు గంటలప్పుడు తలెత్తితే ఎదురుగా ఆ తల్లి. అదే బాబు, మళ్లీ జలుబు, కొంచెం జ్వరం. నన్ను గుర్తుపట్టింది. పక్క టేబుల్ వైపు చూసింది, అక్కడ లైను పెద్దగా ఉంది. నాకు గుండె దడదడలాడింది. లేచి నిలబడి, "అమ్మా, ఆ రోజు తప్పు రాసింది నేనే. మీరు వేరే డాక్టర్‌కి చూపించుకుంటానంటే నేనే తీసుకెళ్తాను" అన్నాను. ఆమె ఏమీ అనకుండా కూర్చుంది.

బాబు నా జేబులో పెన్ను గుంజుతున్నాడు. ఒళ్లోనే ఉంచి ఊపిరి లెక్కపెట్టాను, 38. గుండె, ఊపిరితిత్తులు విన్నాను, అన్నీ వినపడ్డాయి. చెవులు, గొంతు చివర. ఏడ్చాడు, ఏడవనిచ్చాను. పుట్టినప్పుడు బరువెంత అని అడిగాను. రెండు కిలోల నాలుగు వందలట. ఇప్పుడు సరిగ్గా 7 కిలోలు. "చాలా బాగా పెంచుతున్నావమ్మా, పుట్టిన బరువుకి మూడు రెట్లకి దగ్గరకి వచ్చాడు" అన్నాను. ఆమె మొహం ఒక్కసారిగా మారిపోయింది. "బక్కగున్నడని మా అత్త రోజూ అంటది. ఈ మాట ఎవ్వరు చెప్పలే" అంది, కళ్లలో నీళ్లు.

డ్రాప్స్, ఎంఎల్‌కి 100 ఎంజీ, ఇవ్వాల్సింది 100 ఎంజీ, అంటే 1 ఎంఎల్. జ్వరం ఉంటేనే, ఆరు గంటలకోసారి. రాసి, డ్రాపర్ మీద గీత ఎక్కడ ఉంటుందో బొమ్మ వేసి, ఆమెతోనే వేలు పెట్టి చూపించమన్నాను. సరిగ్గా చూపించింది. మేడం ముందు పైకి చదివాను. ఆమె తల ఊపి చీటీ వెనక్కిచ్చారు.

పిల్లల_డాక్టర్_కూకట్‌పల్లి

38 అని రాశావు, పక్కన వయసు రాయలేదు, ఆ ఏడు నెలల బాబే కదా, నాకు చెప్పాల్సిన పని లేదులే. చాలా సంతోషంగా ఉందమ్మా.

మందుల_షాపు_మల్లన్న

ఆ బొమ్మ సంగతి నేనూ మొదలుపెడతా. రేపటి నుంచి డ్రాప్స్ డబ్బా మీద స్కెచ్ పెన్నుతో గీత గీసి ఇస్తా.

పాత_బ్యాచ్_98

పైకి చదివించడం మంచి పద్ధతి. మా హౌస్ సర్జన్ల చేత నేనూ అలాగే చేయిస్తాను. పక్కకు పిలిచే.

గోదారి_పిల్ల

అందరికీ దండాలు. సోమవారం నుంచి గైనిక్ పోస్టింగ్. లేబర్ రూమ్‌లో పుట్టగానే బిడ్డను అందుకునేది మేమేనట. ఇంకా తడిగా, జారిపోయేలా ఉంటారు కదా. దాని గురించి ఎవరైనా చెప్పగలరా?

వార్డు_సిస్టరక్క

గుడ్డలు రెండు సిద్ధంగా పెట్టుకో, రెండూ పొడిగా, వెచ్చగా ఉండాలి. ఒకదానితో బాగా తుడిచి, ఆ తడి గుడ్డ తీసి పక్కన పడేయాలి. రెండోదానితో తలతో సహా కప్పి తల్లి గుండె మీదే పెట్టాలి. ఆ గదిలో ఫ్యాన్ కట్టేసి ఉందో లేదో నువ్వే చూసుకో. మిగతాది నైట్ డ్యూటీ దిగాక పొద్దున రాస్తాను.